జీతంలో లేని పని

ప్రతి పాల సంఘంలోనూ రెండు రకాల పని జరుగుతూ ఉంటుంది. ఒకటి నియామకపు కాగితంలో రాసి ఉన్న పని. ఉదయం, సాయంత్రం వేళకు కేంద్రం తెరవడం, పాలు కొలవడం, శాంపిలు తీయడం, పరీక్ష చేయడం, రిజిస్టరులో రాయడం, క్యాన్లు కడగడం, పక్షానికొకసారి బిల్లులు తయారు చేయడం. ఇవన్నీ సభ్యులందరికీ తెలిసినవే. రెండవది ఏ కాగితంలోనూ లేని పని. వర్షానికి వాగు పొంగి పాల వ్యాను రాలేదనుకోండి. సాయంత్రం పోసిన పాలు క్యాన్లలో ఉన్నాయి. వేళ అయిపోయిందని తాళం వేసి ఇంటికి పోతే సహాయకుణ్ణి ఎవరూ తప్పు పట్టలేరు. కాని అతడు క్యాన్లను నీళ్లతొట్టిలో దింపి, పైన తడిగోనె కప్పి, ఎవరిదో ట్రాక్టరు అడిగి, రాత్రి పది గంటలకు వాటిని శీతలీకరణ కేంద్రానికి చేరుస్తాడు. ఆ రాత్రి సంఘానికి మిగిలిన డబ్బు ఏ పద్దులోనూ కనిపించదు. పాలు విరిగిపోయి ఉంటే మాత్రం నష్టం పద్దులో తప్పక కనిపించేది.

ఇంతకంటె చిన్న సంగతులు కూడా ఉన్నాయి. పాలు కొలిచేటప్పుడు టెస్టరు తరకలు గమనించి, 'అత్తా, మీ గేదె పాలు తేడాగా ఉన్నాయి, పొదుగు ఒకసారి డాక్టరుకు చూపించు' అని చెబుతాడు. పొదుగువాపును తొలిరోజుల్లో పట్టుకుంటే ఆ చన్ను దక్కుతుంది. ఆలస్యమైతే ఆ ఈతకే కాదు, ఎప్పటికీ పోవచ్చును. కొత్తగా చేరిన సభ్యురాలికి గిన్నె ఎలా కడగాలో, పాలు ఎందుకు త్వరగా పులుస్తున్నాయో ఓపికగా చెప్పే కార్యదర్శి ఉంటాడు. ఫలానా ఇంటి నుంచి మూడు రోజులుగా పాలు రావడం లేదని గుర్తించి, దారిలో ఆగి కనుక్కునే సహాయకురాలు ఉంటుంది. వీటికి జీతం లేదు. చేయకపోతే శిక్ష కూడా లేదు.

ఈ రెండవ రకం పని ఎక్కడి నుంచి వస్తుంది, ఏ కారణం చేత ఎండిపోతుంది అనేదే ఈ నెల పాఠం. ఇది ఉద్యోగుల కోసం రాస్తున్నది కాదు. సంఘానికి యజమానులైన సభ్యుల కోసం, వారు ఎన్నుకున్న పాలకవర్గం కోసం రాస్తున్నాము.

ఈ విషయం మీద పరిశోధన చేసినవారు ఉన్నారు. అమెరికాకు చెందిన డేనియల్ కాట్జ్ అనే శాస్త్రవేత్త 1964లో ఒక సంగతి ఎత్తిచూపారు. ఉద్యోగులు తమకు నిర్దేశించిన పనులు మాత్రమే చేసే సంస్థ చాలా బలహీనమైనదని ఆయన అభిప్రాయం. ఎందుచేతనంటే, రేపు ఏమి ముంచుకొస్తుందో ఎవరూ ముందుగా రాసిపెట్టలేరు. నిబంధనల్లో లేని అవసరం వచ్చినప్పుడు తమంతట తాము ముందుకు వచ్చే మనుషులు లేకపోతే సంస్థ అక్కడే ఆగిపోతుంది. 'నిబంధనల ప్రకారం మాత్రమే పని' అనే ఆందోళన సంగతి మనం వినే ఉంటాము. అక్కడ ఎవరూ పని మానరు, రూలు తప్పరు. అయినా పనులు నత్తనడక నడుస్తాయి. అంటే మిగిలిన రోజుల్లో ఆ సంస్థ రూళ్ల మీద కాక, మనుషుల ఇష్టం మీద నడుస్తున్నదన్నమాట.

తరువాత 1983లో డెన్నిస్ ఆర్గన్, ఆయన సహచరులు ఈ రకం పనిని మంచి పౌరుని నడవడితో పోల్చి, దానికి ఆ పేరే పెట్టారు. పోలిక బాగానే ఉంది. దారిలో పడి ఉన్న ముళ్లకంపను తీసి పక్కన పడేసేవాడు చట్టం చెప్పిందని తీయడు గదా!

సరే, ఇది ఎలా వస్తుంది? 'జీతం పెంచితే అన్నీ చేస్తాడు లెండి' అని కొందరు సభ్యులు అంటారు. ఇందులో సగం నిజం ఉంది. ఇల్లు గడవని జీతం ఇచ్చి, మంచి మాటలతో సరిపెట్టడం న్యాయం కాదు. అట్టి సంఘం ఈ వ్యాసంలోని మిగతా మాటలు చదవవలసిన పని లేదు, ముందు జీతం సంగతి చూడాలి. కాని మిగతా సగం వేరు. జీతంతో మనం గంటలు కొనగలము, రాసి ఉన్న పనులు కొనగలము. వాగు పొంగిన రాత్రి ఏమి చేయాలో రాసి లేదు గనుక దానిని ముందుగా కొనలేము. ఆ పని చేసే మనసు ఉద్యోగిలో ఉండాలి. ఆ మనసు నిలబడేది, ఈ సంఘంలో నాకు న్యాయం జరుగుతున్నది అనే నమ్మకం మీద.

న్యాయం అనగానే మనకు పంపకం గుర్తుకు వస్తుంది: ఎవరికి ఎంత అని. అదొక్కటే కాదు. ఆ 'ఎంత' అన్నది ఏ పద్ధతిలో తేల్చారు అనేది ఒకటి. తేల్చిన తరువాత దానిని ఆ మనిషికి ఎలా చెప్పారు, ఎలా చూశారు అనేది ఇంకొకటి. ఈ చివరిది చాలా చిన్న విషయంగా తోస్తుంది. కాని రాబర్ట్ మూర్మన్ అనే పరిశోధకుడు 1991లో ప్రచురించిన పరిశీలనలో, పైవారు తమతో వ్యవహరించే తీరు న్యాయంగా ఉన్నదని భావించిన ఉద్యోగులే విధికి మించిన పనులు ఎక్కువగా చేస్తున్నట్లు తేలింది.

దీనికి సంబంధించి 1990లో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ ప్రచురించిన ఒక పరిశీలన సభ్యులు తెలుసుకోదగినది. అమెరికాలో ఒక కంపెనీకి కొన్ని ఫ్యాక్టరీలు ఉండేవి. ఆర్డర్లు పోయినందున రెండు ఫ్యాక్టరీలలో 10 వారాలపాటు జీతాలలో 15 శాతం కోత పెట్టవలసి వచ్చింది. మూడవ ఫ్యాక్టరీలో కోత లేదు. కోత పెట్టిన రెండింటిలో ఒకచోట కంపెనీ అధ్యక్షుడు స్వయంగా వచ్చి, దాదాపు గంటన్నర సేపు కూర్చుని, ఎందుకు తప్పలేదో లెక్కలతో చూపించి, విచారం తెలిపి, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు. రెండవచోట పావుగంటలో సమావేశం ముగించారు, కారణం పొడిపొడిగా చెప్పారు. రెండుచోట్లా పోయిన డబ్బు వంతు ఒక్కటే. కాని ఫ్యాక్టరీలో సరుకు దొంగతనాలు పావుగంటతో సరిపెట్టినచోట బాగా పెరిగిపోయాయి. గంటన్నర కూర్చున్నచోట పెరుగుదల చాలా తక్కువ. కోత తీసివేసిన తరువాత రెండుచోట్లా మళ్లీ మామూలు స్థాయికి వచ్చాయి. దొంగతనాన్ని మనం సమర్థించనక్కరలేదు. ఆ గంట పైచిలుకు సమయం విలువ ఎంతో మాత్రం గమనించవలసి ఉంది.

దూరదేశపు సంగతి అలా ఉంచి, మన పాడి సహకారోద్యమం పుట్టుకనే చూద్దాము. అది పుట్టిందే న్యాయం అన్న ప్రశ్న మీద. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు తమ పాలకు బొంబాయి గిరాకీకి తగిన ధర రావడం లేదని, లాభమంతా మధ్యవారికే పోతున్నదని 1946లో పాలు పోయడం ఆపివేశారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే వారి జిల్లా సహకార యూనియన్ రిజిస్టరు అయింది. త్రిభువన్‌దాస్ పటేల్ దానికి అధ్యక్షులు. 1949లో వర్గీస్ కురియన్ అనే యువ ఇంజనీరు ఆనంద్‌కు వచ్చారు. ఆయన యూనియన్ ఉద్యోగి కాదు. అక్కడి ప్రభుత్వ క్రీమరీలో ఇష్టం లేకుండా చేరిన ప్రభుత్వోద్యోగి, బాండు తీరితే వెళ్లిపోవాలనుకుంటున్న మనిషి. రైతుల యూనియన్ పాత యంత్రాలు మాటిమాటికీ చెడిపోతుండేవి. వాటిని బాగుచేయడం కురియన్ విధి కాదు, అయినా చేసేవారు. చివరకు, ఈ పాతవాటితో లాభం లేదు, కొత్త పాశ్చరైజరు కొనండి అని సలహా ఇచ్చారు. త్రిభువన్‌దాస్ ఆ మాట విని, అప్పు చేసి మరీ డబ్బు సమకూర్చారు. ప్రభుత్వోద్యోగం నుంచి విడుదలై కురియన్ వెళ్లబోతుంటే, యంత్రాలు బిగించేవరకైనా ఉండమని కోరారు. 1950లో ఆయన యూనియన్ మేనేజరు అయ్యారు. 2012లో కన్నుమూసేవరకు ఆయన ఇల్లు ఆనందే.

ఈ కథలో కురియన్ ప్రతిభను అందరూ చెబుతారు. మేము సంఘాల పాలకవర్గాలకు చూపదలచినది త్రిభువన్‌దాస్‌ను. జీతం తీసుకునే మనిషి చెప్పిన మాటను ఆయన విన్నారు. విన్నదాని మీద నిలబడ్డారు. రైతులతో వ్యవహారం తాను చూసుకుని, సాంకేతిక విషయాలలో వేలు పెట్టలేదు. ఎదుటివారు అలా నడుచుకున్నచోట, తాను రైతుల ఉద్యోగినని కురియన్ జీవితాంతం గర్వంగా చెప్పుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

మరి అన్యాయాన్ని ఎదిరించి పుట్టిన ఉద్యమంలో, నేడు యజమానుల స్థానంలో కూర్చున్నది మనమే. మన దగ్గర జీతం తీసుకునే కార్యదర్శికి, టెస్టరుకు, సహాయకునికి మనం ఎలా కనిపిస్తున్నాము?

సంఘాలలో న్యాయం మొదట పరీక్షకు నిలిచేది వెన్న శాతం దగ్గర. గెర్బరు పద్ధతి మనకు తెలిసిందే. బుటిరోమీటరులో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు పోసి, కలిపి, సెంట్రిఫ్యూజులో తిప్పి, 65 డిగ్రీల వేడినీటిలో ఉంచి చదువుతారు. శాంపిలు తీసేముందు పాలు బాగా కలపకపోతే పైన తేలిన మీగడ వల్ల లెక్క తప్పుతుంది. నేడు చాలా సంఘాలలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. అవీ రోజూ శుభ్రం చేసి, సరిచూడకపోతే తప్పు చెబుతాయి. అంటే సీసాలోనైనా, యంత్రంలోనైనా నిజం పలికేది ఆ మనిషి శ్రద్ధ వల్లనే. ఆ శ్రద్ధలో సగం ఎవరూ చూడని చోట జరుగుతుంది.

అట్టి టెస్టరు దగ్గరకు పాలకవర్గ సభ్యుడొకరు వచ్చి, 'ఏమయ్యా, మా బావగారి పాలకు వెన్న తగ్గించి వేస్తున్నావట. కాస్త చూసి వెయ్యి' అన్నారనుకుందాము. 'యంత్రం చూపిందే వేశానండీ' అని అతడు అంటాడు. 'నిన్ను ఉద్యోగంలో పెట్టింది యంత్రమా, మేమా?' అని జవాబు. మరునాటి నుంచి ఆ బావగారికి అర శాతం ఎక్కువ పడుతుంది. పూటకు 10 కిలోల పాలు పోసే సభ్యుడైతే, అర శాతం అంటే 50 గ్రాముల వెన్న. నెలకు 60 పూటలకు 3 కిలోలు. డెయిరీ మాత్రం సంఘం క్యాన్లలో ఉన్న వెన్నకే డబ్బు ఇస్తుంది. ఆ 3 కిలోల ధర మిగతా సభ్యుల మిగులులో నుంచి పోవలసిందే.

నష్టం అంతటితో ఆగదు. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం పెట్టమని యజమానులే చెప్పినప్పుడు ఆ టెస్టరుకు ఒక విషయం అర్థమవుతుంది. ఇక్కడ సరిగా పని చేసినవాడికి విలువ లేదు, మాట విన్నవాడికి విలువ అని. అతడు ఉద్యోగం మానడు. వేళకు వస్తాడు, వేళకు పోతాడు. తరకలు కనిపించినా చెప్పడు. వ్యాను రాకపోతే ఫోను చేసి ఊరుకుంటాడు. కొంతకాలానికి, ఎలాగూ రాసేది అబద్ధమే అయినప్పుడు తనకోసం కూడా నాలుగు పాయింట్లు రాసుకుంటే తప్పేమిటని తోచవచ్చును. ఆనాడు పాలకవర్గం 'ఈ కాలంలో నిజాయితీపరులు దొరకడం లేదు' అని నిట్టూరుస్తుంది.

పద్ధతి న్యాయంగా ఉండడం అంటే ఏమిటో జెరాల్డ్ లెవెంతల్ అనే పండితుడు 1980లో కొన్ని కొలతలు చెప్పారు. మన సంఘాల భాషలో చెప్పుకుంటే: రూలు అధ్యక్షుని గేదెకూ, ఒంటరి మహిళ ఆవుకూ ఒకటే కావాలి. నిర్ణయించేవారికి అందులో సొంత లాభం ఉండకూడదు. నిర్ణయం పుకారు మీద కాక సరియైన సమాచారం మీద జరగాలి. తప్పు జరిగితే దిద్దుకునే దారి ఉండాలి. ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వారి మాట వినాలి. నీతికి ఎదురు పోకూడదు. ఇందులో దిద్దుకునే దారి, మాట వినడం అనే రెండింటిలోనే మన సంఘాలు ఎక్కువగా వెనుకబడి ఉన్నాయని మాకు తోస్తుంది.

సభ్యుడు వెన్న శాతం మీద అనుమానపడితే మరల పరీక్ష చేయించుకునే ఏర్పాటు ఉంటుంది. మంచిదే. ఉద్యోగి మీద ఫిర్యాదు వస్తే? చాలాచోట్ల రచ్చబండ దగ్గరే తీర్పు అయిపోతుంది. 'పాలల్లో నీళ్లు కలుపుతున్నాడట' అని ఒకరంటే పదిమంది తలలూపుతారు. ఆ మనిషి చివరగా వింటాడు. డెయిరీ నుంచి వచ్చిన స్లిప్పుకూ, సంఘం రిజిస్టరుకూ తేడా ఉంటే దానికి పది కారణాలు ఉండవచ్చును: శాంపిలు సరిగా కలపకపోవడం, దారిలో పాలు ఒలకడం, యంత్రం తేడా, లేదా నిజంగానే మోసం. కాగితాలు ఎదుట పెట్టి, ఏం జరిగిందో అతణ్ణే మొదట అడగాలి. చెప్పింది రాసుకోవాలి. తప్పు రుజువైతే శిక్ష వేయవలసిందే. న్యాయం అంటే మెత్తదనం అని ఎవరూ పొరపడవద్దు. దొంగను ఊరకే వదిలివేస్తే అన్యాయం జరిగేది అతని పక్కన నిజాయితీగా పనిచేస్తున్నవాడికే. అడిగి, విని, ఆధారం చూపి వేసిన శిక్షను చూసినప్పుడు మిగతా ఉద్యోగులకు భయం పుట్టదు, ధైర్యం పుడుతుంది.

జీతం చెల్లించే రోజు కూడా చిన్న విషయం కాదు. సభ్యుల బిల్లులు పక్షానికి ఠంచనుగా వచ్చి, వాటిని లెక్కకట్టిన కార్యదర్శి జీతం మాత్రం 'మిగిలితే చూద్దాం' అని రెండు నెలలు ఆగితే, అతని మనసులో ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. నిజంగా డబ్బు లేని నెల రావచ్చును. వేసవిలో గేదెలు వట్టిపోయి పాలు పడిపోతాయి, సంఘం ఆదాయమూ పడిపోతుంది. అప్పుడు అధ్యక్షుడు నగదు పుస్తకం ముందు పెట్టుకుని, ఇంత వచ్చింది, ఇంత పోయింది, ఫలానా తేదీకి ఇస్తాము అని ఎదురుగా కూర్చుని చెప్పాలి. పైన చెప్పిన గంటన్నర కథ ఇటువంటి నెలకే పనికివస్తుంది.

సహాయకుల సంగతి వేరుగా చెప్పాలి. క్యాన్లు కడిగే మనిషి, తరచుగా ఒక పేద మహిళ, అందరికంటె ముందు వచ్చి అందరికంటె వెనుక పోతుంది. క్యాను మూత కింద రబ్బరు పట్టీ సందులో పాచి ఉంటే ఎంత మంచి పాలైనా పులుస్తాయి. ఆ సందును ఎవరూ తనిఖీ చేయరు. అక్కడ ఆమె వేలు తిరుగుతుందా లేదా అన్నది ఆమె ఇష్టమే. అట్టి మనిషిని 'ఒసే' అని పిలవడం, లాభం వచ్చిన ఏడు కార్యదర్శికి బోనసు ఇచ్చి ఆమెను మరచిపోవడం, సర్వసభ్య సమావేశంలో అందరికీ టీ అందించి ఆమె గుమ్మం బయట నిలబడడం ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తూనే ఉన్నది. పేరు పెట్టి 'అమ్మా' అని పిలవడానికి పాలకవర్గ తీర్మానం అవసరం లేదు.

ఇక జాగ్రత్త పడవలసిన సంగతి ఒకటి ఉంది. ఇష్టంగా చేసేవాడు దొరికాడు గదా అని అన్నీ అతని మీదే వేయడం పరిపాటి. మొదట వాగు పొంగిన రాత్రి చేశాడు. తరువాత వ్యాను ఆలస్యమైన ప్రతి రాత్రి అతడే చేయాలి. ఆపైన దాణా బస్తాలు దింపడం, అధ్యక్షుని ఇంటికి కబురు మోయడం కూడా అతని విధులలో చేరిపోతాయి. పాడి తెలిసిన మనకు వేరే చెప్పాలా? చేపు ఉన్నది గదా అని దూడకు వదలకుండా నాలుగు చన్నులూ పిండుకుంటే ఏమవుతుందో తెలుసు. అలా ఒత్తిడి చేసి తీసుకున్న అదనపు పనిని న్యాయంగా నడిచే సంఘంలో ఇష్టంగా చేసిన పనితో కలిపి లెక్కకట్టకూడదు. ఆదివారం లేని ఉద్యోగం మనది. రోజుకు రెండు పూటలు, ఏడాదికి 365 రోజులు పాలు వస్తూనే ఉంటాయి. కనుక బదులు మనిషిని ఒకరిని తయారు చేసి ఉంచడం, టెస్టరు ఇంట్లో పెళ్లయినా, చావయినా సెలవు అడగడానికి భయపడకుండా చూడడం పాలకవర్గం బాధ్యత.

వచ్చే నెల పాలకవర్గ సమావేశంలో ఈ ఒక్క పని చేసి చూడండి. ఉద్యోగులను కూడా కూర్చోబెట్టి, వారి నియామకపు కాగితాలను బయటకు తీసి చదవండి. ఇందులో లేని పనులు ఏమేమి చేస్తున్నారని అడగండి. మొదట ఎవరూ నోరు విప్పకపోవచ్చును. సహాయకురాలితో మొదలుపెడితే మంచిది, ఎందుకంటే కార్యదర్శి మాట్లాడిన తరువాత ఆమె మాట్లాడదు. చెప్పినవాటిలో రోజువారీ పనులుగా మారిపోయినవి కొన్ని బయటపడతాయి. వాటిని కాగితంలో చేర్చి, దానికి తగిన డబ్బు ఎంతో అప్పుడే తేల్చండి. ఎప్పుడో ఒకసారి, అవసరాన్ని చూసి తమంతట తాము చేసినవి కొన్ని ఉంటాయి. వాటిని కాగితంలోకి ఎక్కించవద్దు. ఎవరు, ఏనాడు, ఏమి చేశారో పాలకవర్గానికి తెలిసి ఉంటే చాలును.